పెకింగ్ నుంచి పారిస్‌కి ఎడమ సీట్లో

కార్ల ర్యాలీ అనగానే చాలామందికి హెల్మెట్లు, గాల్లోకి లేచే చక్రాలు, మలుపు దగ్గర ఎగిసే దుమ్ము కళ్ళ ముందుకొస్తాయి. నేను పాల్గొన్న ర్యాలీలో దుమ్ముకి లోటు లేదు కాని, వేగంగా వెళ్ళినవాడే గెలుస్తాడన్న లెక్క అక్కడ చెల్లదు. ఫలానా చోటుకి 10 గంటల 42 నిమిషాలకి రమ్మంటే 42కే రావాలి. తొందరపడి 41కి కార్డు అందిస్తే జరిమానా పడుతుంది, 43కి అందించినా పడుతుంది. కార్డు మీద టైము వేసే ఆ చోటుని కంట్రోల్ అంటారు. ముందుగా చేరినవాళ్ళు కంట్రోల్ బోర్డుకి ఇవతలే బండి ఆపుకుని తమ నిమిషం కోసం కాచుకుంటారు. మామూలు రాకపోకలు లేని కొన్ని దారుల్లో వేగాన్ని కొలిచే పరీక్షలు కూడా పెడతారు. అవి కొద్దిసేపే. రోజులో మిగతాదంతా గడియారంతో పని.

దీని పేరు పెకింగ్ టు పారిస్ మోటార్ చాలెంజ్. మేం వెళ్ళినది 2019 నాటిది. జూన్ 2న చైనా గోడ దగ్గర బయలుదేరి, జూలై 7న పారిస్‌లోని ప్లాస్ వాందోమ్‌లో ముగిసింది. దారి పొడవు దాదాపు 13,700 కిలోమీటర్లు. చైనా, మంగోలియా, రష్యా, కజకిస్తాన్, మళ్ళీ రష్యా, అక్కణ్ణించి ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు, పోలండ్, జర్మనీ, బెల్జియం, చివరికి ఫ్రాన్స్. వందకి పైగా కార్లు బయలుదేరాయి. అన్నీ పాతవే. కొన్ని రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి, తక్కినవి 1950ల నుంచి 70ల దాకా తయారైనవి. కొత్త బండితో రానివ్వరు.

మాది 1965 నాటి వోల్వో అమెజాన్. నిజానికి అది మా తమ్ముడిది. వాడు ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర పాత కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నేను రాజమండ్రి టెలిగ్రాం ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. నావిగేటర్‌గా నన్నే ఎందుకు రమ్మన్నాడని చాలామంది అడిగారు. వాడు చెప్పిన జవాబే రాస్తున్నాను: "అంకె వినగానే తప్పు లేకుండా రాసేదీ, రాసింది తిరిగి చదివి సరిచూసుకునేదీ మా ఇంట్లో అక్క ఒక్కతే." నా ఉద్యోగమంతా ఆ పనే. టెలిగ్రాంలో అక్షరం పోతే అర్థాన్ని బట్టి పట్టుకోవచ్చు, అంకె పోతే పట్టుకోలేం. అందుకని సందేశం చివర అంకెల్ని మళ్ళీ పంపేవాళ్ళం, అవతలివాళ్ళు సరిచూసుకునేవారు. కార్లో మేం పెట్టుకున్న పద్ధతి కూడా అదే. నేను చెప్పిన ప్రతి అంకెనీ, ప్రతి దిక్కునీ తమ్ముడు తిరిగి పలకాలి. పలక్కపోతే వినలేదన్నట్టే.

నావిగేటర్ చేతిలో ఉండేది రోడ్ బుక్. అందులో మనకి తెలిసిన మ్యాపులు ఉండవు. పేజీలో వరసగా గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో బయలుదేరిన చోటు నుంచి ఎన్ని కిలోమీటర్లో, దాని పక్కన కిందటి మలుపు నుంచి ఎంతో రాసి ఉంటుంది. తరవాతి గడిలో ఒక బొమ్మ. కింద చుక్క, చివర బాణం. చుక్క దగ్గర మనం ఉన్నాం, బాణం వైపు వెళ్ళాలి. మిగతా గీతలన్నీ వదిలెయ్యాల్సిన దారులు. ఆఖరి గడిలో రెండు మూడు ముక్కల్లో గుర్తులు: విరిగిన వంతెన, ఎండిన ఏరు, తెల్ల గుడారం, పశువుల నీళ్ళ తొట్టి. ఈ బొమ్మల్ని ట్యులిప్‌లు అంటారు. నెదర్లాండ్స్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ వల్ల వచ్చిన పేరు అది. ప్రమాదమున్న చోట ఆశ్చర్యార్థకాలు వేస్తారు. ఒకటైతే జాగ్రత్త, రెండైతే నెమ్మది, మూడైతే దాదాపు ఆగి చూసుకుని వెళ్ళడం.

"నాలుగు వందల మీటర్లు. ఎడమ. వాగు. మూడు."

"నాలుగు వందలు. ఎడమ. వాగు. మూడు."

మా మధ్య రోజంతా నడిచిన సంభాషణ దాదాపుగా ఇదే. వినేవాళ్ళకి పొడిగా ఉంటుంది. నాకు మాత్రం ఆ గొంతు వెనక్కి వచ్చిన ప్రతిసారీ మనసు కుదుటపడేది.

ఇక నాకు బాగా నచ్చిన పని రెగ్యులారిటీ. ఇది ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ర్యాలీ అనే ఆటకి గుండెకాయ ఇదే. ఒక దారి ఇచ్చి, దీన్ని గంటకి 48 కిలోమీటర్ల సగటుతో నడపమంటారు. తక్కువ వేగమే కదా అనిపిస్తుంది. గంటకి 48 అంటే కిలోమీటరుకి 75 సెకన్లు. 6.4 కిలోమీటర్ల దగ్గర సరిగ్గా 8 నిమిషాలు అయి ఉండాలి. మధ్యలో ఎక్కడో, చెట్టు చాటునో మలుపు అవతలో, గడియారంతో ఒకరు కూర్చుని ఉంటారు. ఎక్కడో ముందు చెప్పరు. వాళ్ళ ముందు నుంచి మనం వెళ్ళిన క్షణాన్ని రాసుకుంటారు. ఎన్ని సెకన్లు అటూ ఇటూ అయితే అన్ని జరిమానా మార్కులు పడతాయి. మధ్యలో గొర్రెల మంద అడ్డం రావచ్చు, ఎత్తు రావచ్చు. పోయిన సెకన్లని తరవాతి కిలోమీటర్లలో కొద్దికొద్దిగా తిరిగి సంపాదించాలి. కొంతదూరం పోయాక హఠాత్తుగా 48 కాస్తా 45 అవుతుంది. అక్కణ్ణించి కిలోమీటరుకి 80 సెకన్లు. ఎక్కాలు నోటికి వచ్చినవాళ్ళకి ఇది పండగ.

దూరం కొలిచేది ట్రిప్ మీటర్. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం చూపిస్తుంది. ఇసకలో బండి కదలకుండా చక్రం తిరిగితే, వెళ్ళని దూరం కూడా వెళ్ళినట్టు పడుతుంది. టైర్లలో గాలి తగ్గిస్తే చక్రం వ్యాసం కొంచెం తగ్గి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకని రోడ్ బుక్‌లోని గుర్తు కనబడగానే మీటర్‌ని దానికి సరిచెయ్యాలి. గుర్తు లేని చోట మనసులోనే సవరణ వేసుకోవాలి. జీపీఎస్ లేదా అంటే ఉంది. ఎక్కడున్నామో అది చెబుతుంది. ఎదురుగా ఉన్న ఆరు బాటల్లో ఏది వాగు దగ్గర తెగిపోయిందో అది చెప్పదు.

ఈ దారికి ఒక చరిత్ర ఉంది. 1907 జనవరి 31న పారిస్ దినపత్రిక 'లె మతాన్' ఒక సవాలు విసిరింది. ఈ వేసవిలో పెకింగ్ నుంచి పారిస్ దాకా మోటారు కార్లో రాగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. కారంటే జనానికి ఇంకా నమ్మకం కుదరని రోజులు. ఐదు బళ్ళు సిద్ధపడ్డాయి. ఇటలీ రాకుమారుడు స్కిపియోనే బోర్గేసే ఇటాలా కారు, డచ్చివాళ్ళ స్పైకర్ ఒకటి, ఫ్రాన్స్‌వి రెండు ద దియోన్ బుతోన్లు, కాంటాల్ అనే మూడు చక్రాల బండి. జూన్ 10న పెకింగ్‌లోని ఫ్రెంచి రాయబార కార్యాలయం నుంచి బయలుదేరారు.

బోర్గేసే అంతకుముందే కారు వెడల్పుకి సరిగ్గా కోసిన వెదురు కర్ర పట్టుకుని, గుర్రం మీద ఉత్తరాన ఉన్న కనుమల్లోకి వెళ్ళాడు. రాళ్ళ మధ్య ఇరుకుల్లో కర్ర పెట్టి కొలుచుకున్నాడు. కర్ర పట్టిన చోట కారు పడుతుంది. నా దృష్టిలో రోడ్ బుక్‌కి పునాది ఆ వెదురు కర్రే. ఆ కనుమల్లో కార్లని కూలీలు తాళ్ళు కట్టి లాగారు. గోబీలో పెట్రోలుని ఒంటెల మీద ముందే చేరవేశారు. బైకాల్ సరస్సు ప్రాంతంలో ఒక కొయ్య వంతెన కూలి ఇటాలా కిందికి జారిపడింది. దాన్ని పైకి లాగి మళ్ళీ నడిపారు. మాస్కో చేరాక రాకుమారుడు విందు కోసం సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి పక్కదారి పట్టి కూడా, ఆగస్టు 10న పారిస్‌లో దిగాడు. మిగిలిన మూడు కార్లు ఆ నెలాఖరుకి వచ్చాయి. కాంటాల్ మాత్రం గోబీలోనే ఆగిపోయింది. దాన్ని నడిపిన ఓగుస్త్ పోన్స్‌నీ, తోడున్న అతన్నీ అక్కడి సంచార జనం కాపాడారు. 2019లో మా వరసలో అలాంటి కాంటాల్ ఒకటి, బెల్జియం వాళ్ళది, బయలుదేరింది. డ్రైవర్ వెనక, తోటివాడు ముందు. ఎండకీ వానకీ అడ్డమన్నది లేదు. ఆ ఇద్దరినీ చూస్తే నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

1907లో వాళ్ళకి దారి చూపినవి టెలిగ్రాఫ్ స్తంభాలు. బాట లేని చోట తీగని పట్టుకుని నడిచారు. ఇటాలాలో ఇటాలియన్ పత్రికా రచయిత లుయీజీ బార్జీనీ కూడా ఉన్నాడు. దారిలో టెలిగ్రాఫ్ ఆఫీసు కనబడిన చోటల్లా తన పత్రికకి కబురు పంపేవాడు. గోబీలో హోంగ్ పోంగ్ అనే చోట మట్టి ఇంట్లో ఉన్న ఆఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాడు. ఆపరేటర్ దాని మీద నంబరు 1 అని వేశాడు. ఈ రోజుకి ఇదే మొదటిదా అని అడిగితే, కాదు, ఈ ఆఫీసు తెరిచాక ఇదే మొదటిదని చెప్పాడు. ఆఫీసు తెరిచి అప్పటికి ఆరేళ్ళు.

ఈ సంగతి చదివినప్పుడు నేను బార్జీనీ గురించి కాదు, ఆ ఆపరేటర్ గురించి ఆలోచించాను. ఆరేళ్ళ పాటు రోజూ పొద్దున్నే లేచి లైను పరీక్షించి, బ్యాటరీలు చూసుకుని, అటూ ఇటూ పోయే సందేశాలు తన మీదుగా సాగిపోతుంటే కనిపెట్టుకుని కూర్చున్న మనిషి. ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఒక్క మాట పంపమని అడగలేదు. ఐనా ఆ రోజు ఆ విదేశీయుడు వచ్చేసరికి లైను పనిచేస్తోంది. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవలు ఆపేసినప్పుడు మా ఆఫీసులో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ గోబీ ఆపరేటర్ మా వాళ్ళలో ఒకడనిపిస్తుంది నాకు.

ప్రయాణం కంటే ముందు కాగితాలు. నాది భారత పాస్‌పోర్టు. అప్పట్లో చైనా, మంగోలియా, రష్యా, కజకిస్తాన్, షెంగెన్ వీసాలు విడివిడిగా కావాల్సి వచ్చాయి. రష్యాలోకి రెండుసార్లు వెళ్తాం కాబట్టి దానికి రెండు ప్రవేశాల వీసా ఉండాలి. ఒక వీసా కోసం పాస్‌పోర్టు ఇస్తే అది తిరిగొచ్చేదాకా రెండోదానికి పెట్టుకోలేం. తమ్ముడికి బ్రిటిష్ పాస్‌పోర్టు, వాడి జాబితా వేరు. చైనా మనం వాడే అంతర్జాతీయ లైసెన్సుని ఒప్పుకోదు. అక్కడికి వెళ్ళాక తాత్కాలిక లైసెన్సు, బండికి తాత్కాలిక నంబరు తీసుకోవాలి. కారు ఇంగ్లండ్ నుంచి ఓడలో ముందే పోయింది. ఈ గొడవంతా చూసుకోవడానికి నిర్వాహకులకి మనుషులు ఉంటారు కాని, కాగితం మీద పేరులో ఒక్క అక్షరం తేడా రాకుండా చూసుకోవాల్సింది మనమే. మన ఇంటిపేర్లు ముందుంటాయి, అక్కడ చివరికి వెళ్తాయి. ఇది తెలుగువాళ్ళందరికీ తెలిసిన బాధే.

చైనాలో రోడ్లు అద్దంలా ఉన్నాయి. ఇన్నర్ మంగోలియా మీదుగా సరిహద్దు ఊరు ఎరెన్‌హాట్ చేరేసరికి, రోడ్డుకి అటొకటీ ఇటొకటీ నిలబడి మెడలు చాచి ముద్దు పెట్టుకుంటున్న రెండు భారీ డైనోసార్ విగ్రహాలు ఎదురొచ్చాయి. ఆ చుట్టుపక్కల డైనోసార్ శిలాజాలు దొరికాయి, అందుకని. వాటి కింద నుంచి పోయి సరిహద్దు దాటితే గోబీ.

మంగోలియాలో దారి అంటే ఒకటి కాదు. ఒక బండి వెళ్ళిన జాడ గతుకులు పడితే తరవాతి బండి పక్కనుంచి పోతుంది. అలా మైదానం మీద పదీ పదిహేను జాడలు పక్కపక్కనే పరుచుకుని, కలిసి, విడిపోయి, ఎక్కడో మళ్ళీ కలుస్తాయి. రోడ్ బుక్‌లో అక్కడ మలుపులు ఉండవు. 285 డిగ్రీల దిక్కుగా 11 కిలోమీటర్లు అని ఉంటుంది, అంతే. కరెంటు స్తంభాల్ని ఎడమ వైపు ఉంచుకోమని మరో గడిలో ఉంటుంది. పాతకాలం వాళ్ళలాగే మేమూ తీగని పట్టుకునే వెళ్ళాం. ఉలాన్‌బాతర్ దాటి పడమటికి పోయేకొద్దీ ఏళ్ళు దాటాల్సి వచ్చింది. నేను దిగి ముందు నడిచి లోతు చూసేదాన్ని. నీళ్ళు మోకాలు దాటకపోతే బండి దిగొచ్చు. ఇంజన్ ఫ్యాన్ బెల్టు విప్పేసి దిగితే, ఫ్యాన్ నీళ్ళని ఎగజిమ్మి ప్లగ్గులు తడిపే ప్రమాదం ఉండదు. ఇది తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను. ఆ మారుమూల బంకుల్లో దొరికే పెట్రోలు నాణ్యత తక్కువ. ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. వాడు మూత తీసి ఇగ్నిషన్ టైమింగ్ కాస్త వెనక్కి తిప్పేవాడు. బలం తగ్గేది కాని ఇంజన్ బతికేది.

అక్కడ ప్రతి ఊళ్ళోనూ కనబడేది టొయోటా ప్రియస్. జపాన్‌లో వాడి అమ్మేసినవి. మా బళ్ళకి కిందా పైనా కవచాలు వేసుకుని మేం లెక్కలు చూసుకుంటూ పోతున్న దారినే, ఒక కుటుంబం మొత్తం ప్రియస్‌లో కూర్చుని, పెట్టెలో గొర్రెపిల్లతో సహా, చెయ్యి ఊపుతూ దాటిపోయేది. వాళ్ళకి అది రోజూ వెళ్ళే దారి. ఈ మాట నేను గౌరవంతో రాస్తున్నాను. సాహసమని మనం పేరు పెట్టిన చోట జీవితం గడుపుతున్నవాళ్ళు ఉన్నారు.

అక్కడి మట్టిరోడ్డు పొడుగునా రేకుల కప్పు మీద నడుస్తున్నట్టు అడ్డంగా అలలు పడి ఉంటాయి. గంటల తరబడి ఆ అదురుకి బోల్టులు వదులవుతాయి, అతుకులు విరుగుతాయి. పడమటి మంగోలియాలో ఒక మధ్యాహ్నం మా వెనక షాక్ అబ్జార్బర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ బాడీ దగ్గర విరిగిపోయింది. నెమ్మదిగా ఒక చిన్న ఊరు చేరాం. వెల్డింగ్ చేసేవాడు కావాలని తమ్ముడు చేత్తో నిప్పురవ్వలు చూపించాడు. ఒక పిల్లవాడు సైకిలెక్కి ముందు పోతూ దారి చూపించాడు.

షెడ్డులో ఉన్నతను నడివయసు మనిషి. బండి కింద దూరి చూసి, పైకి వచ్చి, మొట్టమొదట బ్యాటరీ వైర్లు తీసేశాడు. తరవాత పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో వేలితో తట్టి చూసుకుని, గోనెసంచి నీళ్ళలో ముంచి ట్యాంకు మీదా పైపు మీదా కప్పాడు. పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకున్నాడు. అప్పుడు గాని వెల్డింగ్ రాడ్ చేతికి తీసుకోలేదు. తమ్ముడు నా వైపు చూసి, "అక్కా, ఇతను నా షెడ్డులో ఉంటే నేను నిశ్చింతగా పడుకుంటాను" అన్నాడు. విరిగిన చోట అతికి ఊరుకోలేదు, ఇనపముక్క ఒకటి కోసి, బలం కోసం అదనంగా వేశాడు. పని అయ్యాక దుమ్ము పట్టిన మా బానెట్ మీద వేలితో అంకె రాశాడు. మేం అనుకున్నదానికంటే చాలా తక్కువ. అడిగినంతే ఇచ్చాం. ఎక్కువ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఇంట్లోంచి ఉప్పు వేసిన పాల టీ వచ్చింది. చివరిదాకా ఆ అతుకు కదల్లేదు.

ఆ పూట మధ్యలో ఒక కంట్రోల్ మూసేసే వేళకి చేరలేకపోయాం. కంట్రోల్ ఒక్కటి పోయినా పెద్ద జరిమానా, బంగారు పతకం ఆశ కూడా పోయినట్టే. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. నేను మర్నాటి పేజీలకి రంగులు వేసుకోవడం మొదలుపెట్టాను. కుడికి ఆకుపచ్చ, ఎడమకి నారింజ, ప్రమాదానికి ఎరుపు.

రాత్రుళ్ళు గుడారాల్లో. స్థానికులు క్యాంపు వేసి వంట చేసేవారు. వెలుతురు ఉన్నంతసేపూ డ్రైవర్లు బళ్ళ కింద, నావిగేటర్లు పుస్తకాల మీద. వెళ్ళాలనుకునే ఆడవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. చెట్టనేది లేని మైదానంలో చాటు ఎలా అన్నది చిన్న సమస్య కాదు. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తే ఆ ఎండగాలికి రెండో రోజుకే తల తిరుగుతుంది. పొడుగు కుర్తా వేసుకోండి, ఒకే పక్కన కారు రెండు తలుపులూ తెరిస్తే మధ్యలో చిన్న గది అవుతుంది. నీళ్ళు మాత్రం తాగండి.

ఆల్టాయ్ కొండల మీదుగా రష్యాలోకి దిగాం. అంతవరకూ మట్టిరంగు చూసిన కళ్ళకి ఆ అడవులూ చూయా నది పక్కన రోడ్డూ ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. కాని నాకు అసలైన పని అక్కడే మొదలైంది.

మా దారిలో అన్ని దేశాల్లోనూ వాహనాలు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. మా కారు ఇంగ్లండ్‌ది, స్టీరింగ్ కుడివైపు. అంటే తమ్ముడు రోడ్డు అంచున కూర్చున్నాడు, నేను రోడ్డు మధ్య గీత వైపు. ముందు లారీ ఉంటే వాడికి లారీ వెనక తలుపు తప్ప మరేమీ కనబడదు. ఎదురుగా వచ్చేదంతా నాకే కనబడుతుంది. మంగోలియాలో ఎదురు వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి ఇబ్బంది లేకపోయింది. సైబీరియా హైవే మీద లారీలు బారులు తీరి ఉంటాయి, చాలా చోట్ల వెళ్ళడానికి ఒక వరస, రావడానికి ఒక వరస.

"ఆగు. ట్యాంకర్ వస్తోంది. దాని వెనక కారు. ఆ వెనక ఇంకోటి. ఆగు. ఖాళీ. పో."

"పోతున్నా."

ఆ "పో" అన్న మాట మీద వాడు తనకి కనబడని రోడ్డులోకి బండి తిప్పేవాడు. నేను తప్పు చూస్తే ఇద్దరం ఉండం. అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం. "ఖాళీ" అన్న మాట సందేహం ఉన్నప్పుడు నా నోట రాకూడదు. "అనుకుంటా", "బహుశా" లాంటివి కార్లో నిషేధం. సందేహమైతే "ఆగు". వాడు ఒక్కసారి కూడా "ఏం, కనబడట్లేదా?" అని తొందరపెట్టలేదు. చిన్నప్పుడు గోదావరి గట్టు మీద సైకిల్ నేర్పిస్తూ నేను వెనక పట్టుకుంటే, వదిలేశావేమో అని మాటిమాటికీ తిరిగి చూసినవాడు వీడు. ఇప్పుడు ఎదురు ట్యాంకర్ల ముందు నా గొంతు తప్ప వేరే ఆధారం అడగలేదు. ఈ ప్రయాణంలో నాకు దక్కినదాన్ని చెప్పమంటే నేను చెప్పేది ఇదే. గోబీ అందం, పారిస్ దీపాలు ఆ తరవాత.

నోవొసిబిర్స్క్‌లో బండి కడిగించాం. కజకిస్తాన్ మైదానాల్లో దోమలు. ఐరోపాలో అడుగుపెట్టాక రోడ్లు బాగుండి, ట్రాఫిక్ ఎక్కువై, నిమిషాలు కాపాడుకోవడం కష్టమైంది. పారిస్‌లో ప్లాస్ వాందోమ్ చౌకులోకి ఒక్కొక్క కారూ వచ్చి ఆగుతుంటే, ఆ మట్టి కొట్టుకుపోయిన బళ్ళ చుట్టూ జనం మూగారు. ఆస్ట్రేలియాకి చెందిన గెర్రీ క్రౌన్ 1970ల నాటి లేలాండ్ పీ76 కారుతో 2013లో ఈ ర్యాలీ గెలిచినప్పుడే ఆయన వయసు 80 దాటింది. 2019లోనూ అదే కారుతో మాతోపాటు నడిచాడు. వయసైపోయిందని నన్ను ఆపబోయిన చుట్టాలకి ఆయన సంగతి చెప్పాను. మా స్థానం పట్టికలో మధ్యలో ఎక్కడో ఉంది. ముగింపు చేరిన కార్లలో మాది ఉంది, తమ్ముడికి అది చాలు. నాకూ చాలు.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట కదా అని అడుగుతారు. అవును, ఖరీదైనదే. ప్రవేశ రుసుమే పదుల వేల పౌండ్లు, కారు తయారీ, ఓడ ఖర్చు వేరే. తమ్ముడు ఏళ్ళ తరబడి దాచినది ఇందులో పెట్టాడు. పెట్రోలు తగలేస్తూ సరదా కోసం ఖండాలు దాటడం సబబేనా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే, దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కాని ఈ విద్య నేర్చుకోవడానికి పెకింగ్ దాకా పోనక్కర్లేదని మాత్రం గట్టిగా చెబుతాను.

మన దేశంలో టీఎస్‌డీ ర్యాలీలు జరుగుతాయి. కాలం, వేగం, దూరం లెక్కతో నడిచేవి. నేను పైన చెప్పిన రెగ్యులారిటీయే. మోటార్ క్లబ్బులు ఆదివారం పూట పెట్టేవి కొన్ని, మహిళలకి ప్రత్యేకంగా జరిగేవి కొన్ని. మామూలు కారుతో, ట్రాఫిక్ నియమాలకి లోబడి, ఊరి చుట్టుపక్కల రోడ్ల మీద చెయ్యొచ్చు. నేను కూడా పెకింగ్‌కి ముందు అలాంటి వాటిలోనే కూర్చుని చూశాను. ట్యులిప్ బొమ్మ చదవడం ఒక గంటలో వస్తుంది. కదిలే కార్లో తల దించుకుని చదివితే వికారం వచ్చేవాళ్ళు పుస్తకాన్ని ఒళ్ళో కాకుండా గుండె ఎత్తులో పట్టుకుంటే కొంత నయం.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మరో రెండు సూచనలు. ఇద్దరిలో ఎవరు చెబుతారో, ఎవరు వింటారో ఇంటి దగ్గరే తేల్చుకోండి, దారి తప్పాక తేల్చుకునే విషయం కాదది. పెన్ను తీసుకెళ్ళకండి, గతుకుల్లో పైకి ఎత్తి రాస్తే సిరా దిగదు. మెత్తటి పెన్సిళ్ళు తీసుకుని, రెండు వైపులా చెక్కి, ఒకదానికి దారం కట్టి డ్యాష్‌బోర్డుకి వేలాడదియ్యండి. కింద పడ్డ పెన్సిలు వెతుక్కునేలోపు మలుపు వెనక్కి వెళ్ళిపోతుంది.